కాష్ మెమరీ పాఠం - ఒక విమర్శ

శాస్త్ర విషయాన్ని సులభం చేసి చెప్పటం మంచి పనే. కాని సులభం చేసే తొందరలో విషయంలోని అసలు ముడి జారిపోతే విద్యార్థికి మాటలు మిగులుతాయి, విషయం మిగలదు. కంప్యూటరు శాస్త్రంలో ఇందుకు మంచి ఉదాహరణ కాష్ మెమరీని గురించిన పాఠం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఈ పాఠం చదివేవారు తక్కువేమీ కాదు. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలుకొని 2015లో ప్రారంభమైన ఐ.ఐ.టి. వరకు తిరుపతి విద్యాకేంద్రంగా పెరిగింది. చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలూ, డిగ్రీ కళాశాలలూ అనేకం ఉన్నాయి. కంప్యూటరు కొనదలచినవారికి దుకాణంలో ఇచ్చే కాగితం మీద కూడా 'కాష్ ఇన్ని మెగాబైట్లు' అని అచ్చువేసి ఉంటుంది. ఈ మాటకు అర్థమేమిటని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు నాలుగు వాక్యాలలో ఇమిడిపోతుంది. ఒకటి: వెదికినది కాష్‌లో దొరికే శాతం ఎంత ఎక్కువైతే కాష్ అంత మంచిది. రెండు: కాష్ ఎంత పెద్దదైతే కంప్యూటరు అంత వేగంగా పనిచేస్తుంది. మూడు: కాష్ గ్రంథాలయంలో చదువరి ముందున్న బల్ల వంటిది. నాలుగు: కాష్ తన పని తానే చూసుకొంటుంది గనుక ప్రోగ్రాము రాసేవారు దాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఈ నాలుగింటిలోనూ కొంత నిజం ఉన్నది. అందుచేతనే అవి ఇంతకాలం నిలిచాయి. కాని దేనిలోనూ నిజం పూర్తిగా లేదు. వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించి చూడవలసి ఉన్నది.

కాష్ ఎందుకు పుట్టింది?

ముందుగా కాష్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఈ ఇంగ్లీషు మాటకు 'దాచి ఉంచిన చోటు' అని అర్థం. నగదును సూచించే 'క్యాష్'తో దీనికి సంబంధం లేదు. రెంటి ఉచ్చారణా ఒక్కటే కావటంవల్ల విద్యార్థులు పొరబడుతూ ఉంటారు.

నేటి ప్రాసెసరు సెకనుకు సుమారు 300 కోట్ల టిక్కుల చొప్పున నడుస్తుంది. ప్రధాన మెమరీలో ఉన్న ఒక సంఖ్యను తెచ్చుకోవటానికి సెకనులో కోటవ వంతు, అనగా 100 నానోసెకన్ల వరకు పట్టవచ్చు. ఈ కాలంలో ప్రాసెసరు గడియారం 300 టిక్కులు కొడుతుంది. కూడికకు ఒక్క టిక్కు చాలినప్పుడు, కూడవలసిన సంఖ్య కోసం 300 టిక్కులు ఎదురుచూడటం ఎంత వృథాయో చెప్పనక్కరలేదు. ఈ ఎదురుచూపును తగ్గించటానికే ప్రాసెసరుకు అతి దగ్గరగా, చిన్నదీ వేగమైనదీ అయిన మరొక మెమరీని అమర్చుతారు. అదే కాష్. ప్రాసెసరు మొదట అక్కడ వెదుకుతుంది. దొరికితే హిట్, దొరకకపోతే మిస్.

ఈ ఆలోచనను స్పష్టంగా ప్రకటించినవాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మారిస్ విల్క్స్. 1965లో వెలువడిన చిన్న వ్యాసంలో ఆయన దీన్ని 'స్లేవ్ మెమరీ' అన్నాడు. 1968 నాటి ఐ.బి.ఎం. సిస్టం 360, మోడల్ 85 యంత్రంతో ఇది వ్యాపార రంగంలోకి వచ్చి, 'కాష్' అనే పేరుతో స్థిరపడింది.

ఇంత చిన్న మెమరీ ఎట్లా సరిపోతున్నది? ప్రోగ్రాములకు రెండు అలవాట్లు ఉండటమే కారణం. ఇప్పుడు వాడిన సంఖ్యను కొద్దిసేపట్లో మళ్ళీ వాడతాయి. ఒక సంఖ్యను వాడితే దాని పక్క సంఖ్యను కూడా త్వరలోనే అడుగుతాయి. అందువల్ల కాష్ ఒక్క సంఖ్యను తెచ్చుకోదు. దానితోపాటు వరుసగా ఉన్న 64 బైట్ల ముక్కను తెచ్చుకొంటుంది. ఈ ముక్కకు 'లైను' అని పేరు. 8 బైట్ల సంఖ్యలైతే ఒక లైనులో ఎనిమిది ఉంటాయి. ఈ రెండు అలవాట్లు లేని ప్రోగ్రాముకు కాష్ వలన ఉపకారం లేదు. ఈ మాట తరువాత మళ్ళీ అవసరమవుతుంది.

శాతం చెప్పని సంగతి

ఇక మొదటి వాక్యాన్ని చూద్దాం. హిట్ శాతం ఎక్కువైతే మంచిదనటంలో తప్పు లేదు. కాని శాతాన్ని చూసే కన్ను పరీక్ష మార్కులకు అలవాటు పడిన కన్ను. నూటికి తొంభై వస్తే ఎవరైనా సంతోషిస్తారు. కాష్ విషయంలో తొంభై శాతానికి అర్థమేమిటో లెక్కవేయాలి.

హిట్ అయితే ఒక టిక్కు పడుతుందనీ, మిస్ అయితే ఆపైన మరో 100 టిక్కులు పడతాయనీ అనుకొందాం. సగటు కాలం కావాలంటే హిట్ కాలానికి, మిస్సుల భిన్నాన్ని మిస్ నష్టంతో హెచ్చవేసి కలపాలి. హిట్లు 90 శాతం అయితే సగటు కాలం 1 + 10 = 11 టిక్కులు. అనగా నూటికి తొంభై తెచ్చుకొన్న కాష్ నిర్దుష్టమైన కాష్ కంటె పదకొండు రెట్లు మందంగా నడుస్తున్నది. 98 శాతమైతే 3 టిక్కులు. 99 శాతమైతే 2 టిక్కులు. చూపుకు 98కీ 99కీ భేదం ఒక్కటే. కాలంలో మాత్రం మూడవ వంతు తగ్గిపోయింది. కనుక చూడవలసినది హిట్ల శాతం కాదు, మిస్సుల శాతం. అదైనా ఒంటరిగా చాలదు. దాన్ని మిస్ నష్టంతో కలిపి చూడాలి.

ఈ సూత్రాన్ని పాఠ్యగ్రంథాలు దాచిపెట్టలేదు. జాన్ హెన్నెసీ, డేవిడ్ ప్యాటర్సన్ కలిసి రాయగా 1990లో మొదట వెలువడిన 'కంప్యూటర్ ఆర్కిటెక్చర్: ఎ క్వాంటిటేటివ్ అప్రోచ్' అనే గ్రంథం కాష్ చర్చనంతటినీ ఈ సూత్రం మీదనే నిలిపింది. 2017వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానం ఈ రచయితలు ఇద్దరికీ కలిపి లభించింది. కాష్‌ను మెరుగుపరచే ప్రతి ఉపాయమూ హిట్ కాలాన్నో, మిస్సుల సంఖ్యనో, మిస్ నష్టాన్నో తగ్గించాలనీ, ఒకటి తగ్గిస్తే మరొకటి పెరిగే ప్రమాదం ఉన్నదనీ ఆ గ్రంథం చూపుతుంది. తరగతి గదిలో మాత్రం సూత్రం బట్టీకి వెళ్ళి, ఈ హెచ్చరిక వెనకబడిపోతున్నది. లోపం గ్రంథానిది కాదు, దాన్ని సంక్షేపించిన తీరుది.

పెద్దది మంచిదేనా?

రెండవ వాక్యానికి జవాబు పై లెక్కలోనే ఉన్నది. 98 శాతాన్ని 99కి పెంచాలని కాష్‌ను పెద్దది చేశారనుకొందాం. మెమరీ పెద్దదైతే అందులో వెదకటానికి పట్టే కాలం కూడా సాధారణంగా పెరుగుతుంది. హిట్ కాలం ఒక టిక్కు నుంచి రెండు టిక్కులైతే సగటు కాలం 2 + 1 = 3. ఇంతకు ముందూ మూడే. ఖర్చు పెరిగింది, ఫలితం మారలేదు. ఈ కారణంగానే నేటి ప్రాసెసర్లలో ఒకే పెద్ద కాష్‌కు బదులు చిన్నదీ, నడితరంది, పెద్దదీ అని రెండు మూడు అంచెలు పెడుతున్నారు. దుకాణం కాగితం మీద అచ్చయ్యే మెగాబైట్లు సాధారణంగా అన్నింటికంటె పెద్దదీ మందమైనదీ అయిన చివరి అంచెవి.

ఇంకా ఆశ్చర్యమైన విషయం ఒకటి ఉన్నది. చోటు నిండిపోయినప్పుడు పాతదాన్ని ఒకదాన్ని తొలగించాలి. ముందు వచ్చినదాన్ని ముందు తొలగించటం ఒక పద్ధతి. 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే వరుసలో సంఖ్యలు కావలసి వచ్చాయనుకొందాం. మూడు చోట్లు ఉంటే తొమ్మిది మిస్సులు. నాలుగు చోట్లు ఉంటే పది! చోటు పెరిగినకొద్దీ మిస్సులు తగ్గాలన్న నమ్మకాన్ని ఈ చిన్న వరుస వమ్ము చేస్తుంది. 1969లో బెలాడీ, నెల్సన్, షెడ్లర్ ఈ వింతను ప్రకటించారు. వారు చర్చించినది కాష్‌ను కాదు, మెమరీ పేజీలను. అయినా తొలగింపు సూత్రం రెండు చోట్లా ఒక్కటే. చాలాకాలంగా వాడనిదాన్ని తొలగించే పద్ధతిలో ఈ వింత జరగదు: ఇదే వరుసకు మూడు చోట్లయితే పది మిస్సులు, నాలుగయితే ఎనిమిది. నల్లబల్ల మీద సుద్దముక్కతో పది నిమిషాలలో చేసి చూపగల ఈ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా అందుబాటులో ఉన్నది. దీనికి కంప్యూటరైనా అక్కరలేదు.

బల్లా? సామాన్ల గదా?

మూడవ వాక్యంలోని ఉపమానం కూడా పేరున్న గ్రంథంలోనిదే. ప్యాటర్సన్, హెన్నెసీల మరొక పాఠ్యగ్రంథం 'కంప్యూటర్ ఆర్గనైజేషన్ అండ్ డిజైన్' మెమరీ ప్రకరణాన్ని దీనితోనే ప్రారంభిస్తుంది. గ్రంథాలయంలో కూర్చున్న విద్యార్థి కావలసిన పుస్తకాలు కొన్ని తెచ్చి బల్ల మీద పెట్టుకొంటాడు. అడుగడుగునా అలమారు దగ్గరకు నడవనక్కరలేదు. ప్రోగ్రాముల రెండు అలవాట్లను చెప్పటానికి ఈ ఉపమానం చక్కగా పనిచేస్తుంది. కాని ఒక ముఖ్య విషయంలో దారి తప్పిస్తుంది. బల్ల మీద ఏ పుస్తకాన్నయినా ఎక్కడైనా పెట్టవచ్చు. కాష్‌లో ఆ స్వేచ్ఛ లేదు. ఏ లైను ఎక్కడ కూర్చోవాలో దాని చిరునామాయే నిర్ణయిస్తుంది. ఆ గ్రంథం తరువాతి పేజీలలో ఈ నియమాన్ని వివరంగానే చెబుతుంది. అయినా విద్యార్థికి గుర్తుండేది మొదటి పేజీలోని బల్ల.

ఈ ప్రాంతపు విద్యార్థికి ఇంతకంటె సరిపోయే ఉపమానం చెప్పవచ్చు. యాత్రికుల సామాను దాచే గది ఒకటి ఉన్నదనుకొందాం. అందులో పది అరలు. ఒక్కొక్క అరలో రెండు సంచులు పడతాయి. చీటీ మీది చివరి అంకె ఏదైతే సంచి ఆ అరలోనే పెట్టాలని నియమం. వెదకటం చాలా సులభం: చీటీ 473 అయితే మూడవ అరలో చూస్తే చాలు. కాని 10, 20, 30, 40 అనే చీటీలతో నలుగురు యాత్రికులు వచ్చారనుకోండి. నలుగురి సంచులూ సున్న అరకే పోవాలి. తొమ్మిది అరలు ఖాళీగా ఉన్నా, ఇద్దరి సంచులు బయటికి పోక తప్పదు. వారు మళ్ళీ వచ్చి అడిగితే మిగిలిన ఇద్దరివీ బయటికి పోతాయి. గదిలో చోటు లేక కాదు, నియమం వలన వచ్చిన ఇబ్బంది ఇది.

మిస్సులను మూడు రకాలుగా విభజించి చూపినవాడు మార్క్ హిల్. 1987లో బర్కిలీలో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఆయన ఈ విభాగాన్ని ఉపయోగించాడు. మొదటిసారి అడిగినందువల్ల తప్పనిసరిగా వచ్చేవి కొన్ని; చోటు చాలక వచ్చేవి కొన్ని; చోటున్నా ఒకే అరకోసం పోటీపడటంవల్ల వచ్చేవి కొన్ని. గ్రంథాలయపు బల్ల మొదటి రెంటినే చూపగలదు. సామాన్ల గది మూడవదాన్ని కూడా చూపుతుంది.

గాదంకి ఆకాశం, కాష్ అరలు

ఈ మూడవ రకం మిస్సులు కేవలం పుస్తకాలలోని ముచ్చట కాదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే మార్గంలో గాదంకి దగ్గర అంతరిక్ష శాఖకు చెందిన జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది. అక్కడి ఎం.ఎస్.టి. రాడారు 53 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం మీద పనిచేస్తుంది. దాని 1,024 యాగీ ఆంటెన్నాలు 32 వరుసలుగా, వరుసకు 32 చొప్పున నిలబడి ఉన్నాయి. ఆకాశంలోకి పంపిన తరంగాలు వివిధ ఎత్తుల నుంచి మందమైన ప్రతిధ్వనులుగా తిరిగి వస్తాయి. వాటి పౌనఃపున్యంలోని మార్పును బట్టి ఆ ఎత్తులలో గాలి వేగం కట్టవచ్చు.

ఇట్టి రాడార్లన్నింటిలోనూ లెక్కకు ఒక చిక్కు ఉన్నది. ఒక స్పందం పంపినప్పుడు మొదట తక్కువ ఎత్తు నుంచి, తరువాత పై ఎత్తుల నుంచి ప్రతిధ్వనులు వస్తాయి. కనుక అంకెలు ఎత్తుల వరుసలో చేరుతాయి. కాని గాలి వేగం కట్టాలంటే ఒకే ఎత్తు నుంచి వేర్వేరు క్షణాలలో వచ్చిన అంకెలు కావాలి. అడ్డంగా రాసిన పట్టికను నిలువుగా చదవటం వంటిది ఇది. పైగా వర్ణపటం కట్టటానికి వాడే వేగవంతమైన ఫూరియే పద్ధతికి 256, 512, 1,024 వంటి రెండు ఘాతాల సంఖ్యలు అనుకూలం గనుక పట్టికల కొలతలు కూడా తరచుగా అవే అవుతాయి.

లెక్క కోసం ఒక పట్టికను ఊహించుకొందాం. 256 క్షణాలు 256 అడ్డు వరుసలు. 512 ఎత్తులు 512 నిలువు వరుసలు. ఒక్కొక్క అంకె 8 బైట్లు. ఒక అడ్డు వరుస 4,096 బైట్లు, అనగా సరిగా 64 లైన్లు. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో చాలా తరాలపాటు మొదటి అంచె డేటా కాష్ 32 కిలోబైట్లు. అందులో 64 అరలు. అరకు 8 లైన్లు. ఇప్పుడు పట్టికను నిలువుగా చదివితే ఏమవుతుంది? అంకెకూ అంకెకూ దూరం సరిగా 64 లైన్లు. అరలు కూడా 64. కనుక 256 లైన్లూ ఒకే అరకు పోతాయి! అక్కడ ఉన్న చోట్లు ఎనిమిదే. పక్కనున్న 63 అరలు ఈ పట్టికకు అక్కరకు రావు. లైనులో ఎనిమిది అంకెలు వచ్చినా ఒక్కటి వాడగానే ఆ లైను బయటికి పోతుంది. పక్క ఎత్తుకు వచ్చేసరికి మళ్ళీ తెచ్చుకోవలసిందే. మొత్తం 1,31,072 అంకెలకు అన్నీ మిస్సులే.

పెద్ద కాష్ దీన్ని సరిచేయగలదా? 2019లో వచ్చిన ఐస్ లేక్ ప్రాసెసర్లలో మొదటి అంచె డేటా కాష్‌ను 48 కిలోబైట్లకు పెంచారు. కాని పెరిగినది అరలో చోటు - 8 నుంచి 12కు. అరలు మాత్రం అదే 64. 256 లైన్లు 12 చోట్ల కోసం పోటీపడినా ఫలితం అదే.

నివారణ ఆశ్చర్యం కలిగించేటంత చిన్నది. ప్రతి అడ్డు వరుస చివర వాడని అంకెలు ఎనిమిదింటికి చోటు వదలాలి. అప్పుడు వరుస 65 లైన్లవుతుంది. ఒక్కొక్క వరుసకు అర ఒక్కటి జరుగుతుంది. 256 లైన్లు 64 అరలలో నాలుగేసి చొప్పున సర్దుకొంటాయి. మొదటి ఎత్తు చదివేటప్పుడు వచ్చిన లైన్లు తరువాతి ఏడు ఎత్తులకూ పనికివస్తాయి. మిస్సులు 1,31,072 నుంచి 16,384కు, అనగా ఎనిమిదవ వంతుకు దిగుతాయి. ఈ అంచెలో మిస్ నష్టం 20 టిక్కులనుకొంటే సగటు కాలం 21 నుంచి 3.5కు వస్తుంది: ఆరు రెట్లు మేలు. ఇందుకు అయిన ఖర్చు ఒక మెగాబైటు పట్టికకు 16 కిలోబైట్ల ఖాళీ చోటు. చోటు వదలటం ఇష్టం లేకపోతే, లైనులోని ఎనిమిది ఎత్తులనూ ఒకేసారి తీసి పక్కన ఎనిమిది చిన్న పట్టికలుగా పెట్టుకొనవచ్చు. పట్టిక నుంచి చదవటంలో మిస్సులు అప్పుడూ అంతే తగ్గుతాయి. కొత్త యంత్రం కొననక్కరలేదు.

కనిపించని సేవకుడు

దీనితో నాలుగవ వాక్యానికి కూడా జవాబు దొరికింది. కాష్ ప్రోగ్రాము ఫలితాన్ని మార్చదు గనుక దాన్ని పట్టించుకోనక్కరలేదన్నారు. ఫలితాన్ని మార్చకపోవటం నిజమే. కాలాన్ని మాత్రం మార్చుతుంది. పైన చెప్పిన రెండు ప్రోగ్రాములూ ఒకే జవాబు ఇస్తాయి. ఒకటి ఇవ్వవలసిన సమయంలో ఇస్తుంది, మరొకటి ఇవ్వదు.

కాలంలోని ఈ భేదం ఇంకొక విధంగా కూడా బయటపడింది. 2018 జనవరిలో ప్రకటితమైన స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు ప్రపంచమంతటా కలవరం కలిగించాయి. ఒక సంఖ్య త్వరగా దొరికిందా, ఆలస్యంగా దొరికిందా అని కొలిచి, తనకు చదివే హక్కు లేని రహస్యాన్ని మరొక ప్రోగ్రాము ఊహించగలగటం ఈ లోపాల సారాంశం. కాష్ నిజంగా కనిపించనిదే అయితే ఇట్టి దొంగతనానికి తావే ఉండదు. విల్క్స్ ఊహించిన సేవకుడు యజమాని ఏమి అడిగాడో నోరు విప్పి చెప్పడు. కాని ఎంత త్వరగా వచ్చాడో చూసినవారికి సంగతి తెలిసిపోతుంది.

పాఠం ఎట్లా ఉండాలి?

కాష్ సామర్థ్యం కాష్ ఒక్కదాని గుణం కాదు. ప్రోగ్రాము అడిగే వరుసకూ, కాష్ అరల అమరికకూ మధ్య కుదిరే పొత్తు అది. నాలుగు వాక్యాల పాఠంలో లేనిది ఈ ఒక్క మాటే. ఈ లోటు పరీక్షలో మార్కు పోగొట్టదు. కాని పరీక్ష దాటి ప్రయోగశాలలోకో కార్యాలయంలోకో వెళ్ళిన యువకుడు, యువతి ప్రోగ్రాము మందంగా నడిస్తే మొదట ఏమి అడుగుతారు? పెద్ద యంత్రం అడుగుతారు. పాఠశాలకు కంప్యూటర్లు కొనవలసిన ఉపాధ్యాయుడు మెగాబైట్లను చూసి ధర చెల్లిస్తాడు. అరలు ఖాళీగా ఉండగా సంచులు వీధిలో పడుతున్నాయన్న సంగతి ఎవరి దృష్టికీ రాదు. నష్టపోయేది చాలాసార్లు ప్రజల సొమ్మే.

అందువల్ల పాఠం క్రమాన్ని మార్చటం మంచిది. శాతానికి ముందు కాలం చెప్పాలి. బల్లతోపాటు సామాన్ల గదిని కూడా చూపాలి. పన్నెండు సంఖ్యల వరుసను విద్యార్థుల చేతనే నల్లబల్ల మీద వేయించాలి. కంప్యూటరు ఉన్నచోట ఒక పెద్ద పట్టికను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కూడించి, పట్టిన కాలాలు కొలిపించాలి. మొత్తం రెండుసార్లూ ఒక్కటే వస్తుంది. కాలం మాత్రం ఒక్కటిగా రాదు. ఎందుకు రాలేదని విద్యార్థి అడిగిన క్షణం నుంచే కాష్ పాఠం ప్రారంభం కావాలి.